అష్టమి నాడు నాటిన మొక్కలు

చేపల వేలంపాట జరిగే రేకుల షెడ్డు కింద ఊరిపెద్ద నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. మొక్కలు నాటే ముందు రోజు ఈవిడ మీకేమైనా చెప్పిందా అని. చెప్పింది. ఏ మాట తర్వాత ఏ మాట అందో కూడా నాకు గుర్తుంది. నేను మాత్రం "గుర్తు లేదండి" అన్నాను. ఆ అబద్ధం వల్ల ఒక మనిషి దాదాపు రెండేళ్ళు కాలవలోకి పడవ దించలేకపోయింది. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి ఉండాలని ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఇందులో నా తప్పుని తగ్గించి చెప్పే మాట ఎక్కడైనా కనిపిస్తే, అది నాకు తెలియకుండా దొర్లిందనుకోండి.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకి వృక్షశాస్త్రం చెబుతాను. మా ఇల్లు రామచంద్రపురంలో. రాజమండ్రిలో కొందరు రిటైరైన ఉద్యోగులు కలిసి పెట్టుకున్న ప్రకృతి సంఘంలో సభ్యుణ్ణి. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి. వాటిని మనవాళ్ళే సరిగ్గా చూడలేదన్నది మా బాధ. అందుకని నెలకో ఆదివారం ఒక బస్సు నిండా జనాన్ని తీసుకెళ్ళి కాలవ గట్టున నడిపించేవాళ్ళం. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, వాళ్ళ పిల్లలు వచ్చేవారు. మడ చెట్టు బురదలోంచి వేళ్ళని పైకెందుకు పంపుతుందో, తుపాను వచ్చినప్పుడు ఊరికి ఎలా అడ్డం నిలబడుతుందో నేను మైకు పట్టుకుని చెప్పేవాణ్ణి. మైకు అక్కర్లేని సంగతులు ఆమె చెప్పేది.

ఆ కాలవ గట్టున ఉన్న చేపల ఊరే ఆమెది, అప్పటికి యాభై దాటాయి. భర్త పోయాక చిన్న నాటుపడవని ఒంటరిగా తోసుకుంటూ, కాలవల్లో పీతలు పట్టి, గుల్లలు ఏరి బతికేది. మా నడకలకి దారి చూపడానికి ఊరివాళ్ళే ఆమెని కుదిర్చారు. ఏ బొరియలో పీత ఉందో, ఏది ఖాళీయో చూడగానే చెప్పేది. బురదలో నీటికుక్క అడుగుని చూపించి, అది ఎటు పోయిందో, తోకని ఎక్కడ ఆనించిందో పిల్లలకి వేలితో గీసి చూపేది. ఒకసారి ఒక బ్యాంకు మేనేజరుగారు కొత్త బూట్లతో గట్టు దిగబోయారు. "బూట్లు విప్పి దిగండి బాబూ, లేపోతే బురదే విప్పుద్ది" అంది. ఆయన వినలేదు. పది అడుగులు వేశాక ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. దాన్ని చేత్తో లాగి, కడిగి ఇస్తూ కూడా ఆమె నవ్వలేదు. మేమే నవ్వాం.

మొక్కలు నాటే కార్యక్రమం పెడదామన్నది మా కార్యదర్శిగారి ఆలోచన. ఆయన రిటైరైన ఇంజనీరు, ఏ పని పట్టినా వదలని మనిషి. ఒక దాతని ఒప్పించారు. మొక్కలు ఒక ఏడాది నిలబడితే ఆ ఊరికి రేవులో మెట్లు కట్టిస్తానని ఆ దాత మాటిచ్చారు. ఊరికి అది చిన్న విషయం కాదు. రేవంతా జారుడు బురద. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కే ఆడవాళ్ళు ఏటా కాళ్ళో చేతులో విరగ్గొట్టుకునేవాళ్ళు. మెట్లు వస్తాయనగానే ఊరంతా కదిలింది.

తేదీ, చోటు నిర్ణయించే పని నాకు అప్పజెప్పారు. ముఖ్య అతిథికి ఖాళీ ఉన్న ఆదివారం చూసి తేదీ పెట్టాను. చోటు విషయంలో కూడా ఇలాగే, వచ్చేవాళ్ళ సౌకర్యమే చూశాను. రేవుకి దగ్గర్లో, కాలవ మలుపు తిరిగే చోట కొత్తగా ఒక మేట వేసింది. చదునుగా, గట్టిగా, చాప పరిచినట్టు ఉంది. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. పాత మడ చెట్లున్న లోపలి గట్టుకి పోవాలంటే మోకాలి లోతు బురదలో చాలా దూరం నడవాలి. పెద్దవాళ్ళు రాలేరు, ఫొటోలు రావు.

ముందు రోజు సాయంత్రం నేను ఆ మేట మీద సున్నంతో వరసలు గీయిస్తుంటే ఆమె పడవ ఒడ్డుకి చేర్చి దిగింది. కాసేపు ఊరికే చూసింది.

"మాస్టారూ, రేపొద్దండి."

ఎందుకన్నాను.

"ఇయ్యాల సప్తమి, రేపు అష్టమి. నీళ్ళు చచ్చి ఉన్నాయి. ఈ నేల నాలుగు రోజులై తడవలేదు కాబట్టి మీకిలా కనపడతంది. అమావాస్య పోటుకి ఇక్కడ నడుం లోతు నీళ్ళుంటాయి. పాటు తీసేటప్పుడు ఈ మలుపులో పడవే ఆగదు, వేరు దిగని మొక్క ఆగుద్దా?"

పోటంటే నీళ్ళు ఎక్కడం, పాటంటే తీయడం. అష్టమికి పోటు తక్కువ, అమావాస్యకి ఎక్కువ. ఇది నేను పుస్తకంలో చదివి పిల్లలకి చెప్పే పాఠమే. మరి ఎక్కడ నాటాలన్నాను, కొంచెం చిరాగ్గానే.

"లోపలి గట్టున, పాత చెట్ల చాటున. అది కూడా అమావాస్య వెళ్ళిపోయాక. విదియకో తదియకో నాటితే మళ్ళీ పెద్ద నీళ్ళొచ్చేలోపు వేరు పట్టుకుంటాదండి."

బస్సులు మాట్లాడేశామని, అతిథి వస్తున్నారని, అందరికీ తెలిసిపోయిందని చెప్పాను. ఆమె సున్నపు గీతల వైపు చూసి, "నీళ్ళకి తెలీదు కదండీ" అని పడవ తోసుకుని వెళ్ళిపోయింది.

ఆ క్షణం కార్యదర్శిగారికి ఫోన్ చేసి ఉండొచ్చు. చేయలేదు. వారం పది రోజులు ఆలస్యమైతే నన్ను చేతకానివాడనుకుంటారన్నది ఒక కారణం. మరొకటి రాయడానికి ఇంకా సిగ్గుగా ఉంది: పాతికేళ్ళు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, గుల్లలు ఏరుకునే మనిషి దగ్గర నేర్చుకోవడమేంటి అనుకున్నాను.

ఆదివారం కార్యక్రమం ఘనంగా జరిగింది. అతిథి మొదటి మొక్క నాటారు. బడిపిల్లలు నల్ల కవర్లలోంచి మొక్కల్ని తీసి సున్నపు గీతల మీద వరసగా పెట్టారు. మడ అడవి మన ఊరికి గోడ అని అందరి చేతా అనిపించాను. ఆమె రేవులో పడవ మీద కూర్చుని ఉంది. మొక్క పట్టుకోమని ఎవరో పిలిస్తే, చేతులు ఖాళీ లేవన్నట్టు వల సర్దుకుంది. ఆ రోజంతా నేను ఆమె వైపు చూడకుండా మాట్లాడాను.

అమావాస్య మర్నాడు మొదటి బస్సుకి ఒక్కణ్ణీ వెళ్ళాను. రేవు దిగేసరికి పాటు తీస్తోంది. మేట మీద మొక్కలు లేవు. సున్నపు గీతలు లేవు. అసలు మేట ఆకారమే మారింది, ఒక పక్క కోసుకుపోయింది. తడి మట్టి నున్నగా ఉంది, ఒక్క మనిషి అడుగు కూడా లేదు. ఇది ముఖ్యం. ఎవరూ రాలేదని, ఎవరూ పీకలేదని ఆ రోజే నా కళ్ళతో చూశాను. మొక్కలు కాలవ మధ్యలో తేలుతూ సముద్రం వైపు పోతున్నాయి. ఆమె పడవ వాటి వెంట పోతోంది. వంగి ఒక్కొక్కటీ తీసి బుట్టలో వేసుకుంటోంది. నన్ను చూసింది. చెప్పాను కదా అని అనలేదు. "ఇయ్యి పనికొస్తాయండి, లోపల పెడతాను" అంది అంతే.

తిరిగి వెళ్తుంటే బస్సులో ఉండగానే కార్యదర్శిగారి ఫోన్ వచ్చింది. మొక్కలు ఎలా ఉన్నాయని. లేవన్నాను. "ఎవరైనా పీకేశారంటారా?" అన్నారు ఆయన.

"అయ్యుండొచ్చండి" అన్నాను.

ఎవరి పేరూ చెప్పలేదు కదా అని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ మాట రాజమండ్రి నుంచి ఊరికి చేరడానికి ఒక పూట పట్టింది. మొక్కలు పీకేసే ఊరికి మెట్లెందుకని దాత అన్నారట. ఊరు భగ్గుమంది. ఎవరు పీకారన్న ప్రశ్నకి జవాబు సిద్ధంగానే ఉంది. అమావాస్య మర్నాడు ఆమె బుట్ట నిండా మొక్కలు ఉండటం వలలు ఆరేసుకునే ఇద్దరు చూశారు.

ఆ ఊళ్ళో తగువులు పెద్దలే తీరుస్తారు. వేలం షెడ్డు కింద నాలుగు కుర్చీలు వేసి, ఐదోది నాకు వేశారు. ఆమె ఎదురుగా స్తంభం పక్కన నిలబడింది. ఊరు చుట్టూ చేరింది.

నీళ్ళలో కొట్టుకుపోతుంటే ఏరి లోపలి గట్టున పెట్టానని ఆమె చెప్పింది. కావాలంటే వచ్చి చూసుకోమంది.

"పీకినోళ్ళు కూడా అదే చెప్తారు కదమ్మా" అన్నారు ఊరిపెద్ద. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, మేట మీద మొక్కలొస్తే దీని పడవకి అడ్డమొస్తాయిగా, అందుకే పీకేసింది అంది. కొందరు నవ్వారు.

ఆమె గొంతు పెంచలేదు. "ఉండవని నాకు ముందే తెలుసండి. మాస్టారుగారికి ముందు రోజే చెప్పాను. అక్కడే ఉన్నారు, అడగండి."

అప్పుడు ఊరిపెద్ద నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా ఆ ప్రశ్న అడిగారు. షెడ్డు కింద అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. చెప్పిందని అంటే, మరెందుకు నాటారని అడుగుతారు. మెట్లు పోయింది నావల్లే అవుతుంది. కార్యదర్శిగారికి, దాతకి, బడిపిల్లల దాకా అందరికీ తెలుస్తుంది. ఇవన్నీ ఆలోచించడానికి పట్టిన సమయం చాలా తక్కువ. నా నోరు అంతకంటే తొందరపడింది.

"గుర్తు లేదండి."

ఆమె నా వైపు చూసింది. ఆ తర్వాత ఆ రోజంతా నా వైపు చూడలేదు.

ఆ ఊళ్ళో తప్పు చేసినవాళ్ళు పెద్దల ముందు చెప్పులు విడిచి నేల మీద నిలబడి, అందరూ వినేలా "తప్పయింది" అనాలి. అంటే అక్కడితో సరి, మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తరు. అనకపోతే అనేదాకా పడవ నీళ్ళలో దించకూడదు, ఇంకెవరూ తమ పడవలో ఎక్కించుకోకూడదు; దాన్నే కట్టు అంటారు. ఆమె అననంది. చేయని దానికి ఎందుకంటానంది. పెద్దలు లేచి వెళ్ళిపోయారు.

ఆమె పడవని గట్టు మీదకి లాగి బోర్లించింది. రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి కుదిరింది. ఐసు నీళ్ళలో రోజంతా చేతులు నాని, వేళ్ళ సందులు పాచిపోయాయని ఎవరో చెబితే విన్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే నేను పిరికివాణ్ణి మాత్రమే అయ్యుండేవాణ్ణి. ఇంకో పని కూడా చేశాను. ఆమె చెప్పిన మాటలే నా మాటలుగా చెప్పడం మొదలుపెట్టాను. మరుసటి ఏడు మళ్ళీ మొక్కలు నాటే కార్యక్రమం పెట్టాం. తదియ నాడు, లోపలి గట్టున, పాత చెట్ల చాటున. అవి బతికాయి. తిథి చూసి మొక్క నాటే మాస్టారని నాకు పేరొచ్చింది. వేరే ఊళ్ళవాళ్ళు కూడా పిలిచేవారు. మైకులో, "అష్టమి నీళ్ళు చూసి నేల అనుకోకండి" అనేవాణ్ణి. అందరూ రాసుకునేవారు. ఒకసారి పాలకొల్లు నుంచి వచ్చిన ఒక టీచరమ్మగారు, ఇవన్నీ మీకెవరు చెప్పారండి అని అడిగారు. అనుభవమండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

రెండో ఏడు మాఘమాసంలో అదే కాలవకి నలభై మంది టీచర్లతో నడక పెట్టాం, కార్యదర్శిగారూ వచ్చారు. తిథి చూసుకునే పెట్టాను. నీళ్ళు రావడానికి ఇంకా మూడు గంటలుందని లెక్క వేసి, బతికిన మొక్కలు చూపించడానికి లోపలి గట్టుకి తీసుకెళ్ళాను. పొద్దుటినుంచి తూర్పుగాలి గట్టిగా వీస్తోంది. సముద్రం వైపు నుంచి గాలి తోస్తే పోటు ముందే వస్తుందని నాకు తెలియదు. తిథి వరకే నేర్చుకున్నాను. మిగతాది ఆమె దగ్గరే ఉండిపోయింది.

ముందు దారి మధ్యలో ఉన్న పిల్లకాలవ నిండింది. తిరిగి వద్దామనేసరికి తొడల లోతు నీళ్ళు. ఈత రానివాళ్ళు చాలామంది. వెనక గట్టు చూస్తుండగానే సన్నబడుతోంది. ఒకావిడ చేతిలో సెల్‌ఫోను పైకి పట్టుకుని ఏడుపు మొదలుపెట్టారు. ఏం భయం లేదండి అంటున్నాను గానీ ఎటు తీసుకెళ్ళాలో నాకే తెలియడం లేదు. ఊళ్ళో మగవాళ్ళంతా వేటకి పోయారు. రేవులో ఒక్క పడవ లేదు.

ఒక్కటి ఉంది, గట్టు మీద బోర్లించింది.

ఆమె దాన్ని తిప్పి, ఒక్కతే నీళ్ళలోకి నెట్టడం దూరం నుంచి చూశాను. ఎండి పగుళ్ళిచ్చిన పడవ. లోపలికి నీళ్ళు చిమ్ముతుంటే ఒక చేత్తో తోడుతూ ఇంకో చేత్తో గెడ వేసుకుంటూ వచ్చింది. ఆరుగురినే ఎక్కమంది. తోసుకోవద్దంది. అలా ఎన్నో విడతలు తిరిగింది. చివరి విడతలో నేను ఎక్కాను. పడవలో నీళ్ళు తోడుతున్నాను. ఆమె గెడ వేస్తోంది.

రేవు చేరాక అందరూ దిగిపోయారు. నేను గట్టు మీద ఆగి, అమ్మా, ఆ రోజు నువ్వు చెప్పింది నాకు గుర్తుంది అన్నాను. ఇంకేదో అనబోయాను. ఆమె పడవ తాడు బిగిస్తూనే ఉంది.

"అది నాకు చెప్తారేంటండి మాస్టారూ. నాకు తెల్సు కదా. తెలియనోళ్ళు అక్కడున్నారు."

అంతే అంది. ఊరి వైపు తల ఊపి, పడవలో మిగిలిన నీళ్ళు తోడటంలో పడింది.

సాయంత్రం వేట నుంచి మగవాళ్ళు రాగానే పెద్దలు షెడ్డు కింద నాకూ కుర్చీ వేసి కూర్చున్నారు. ఆమె కట్టు దాటి పడవ దించింది కాబట్టి. మా వాళ్ళు బస్సు ఎక్కకుండా అక్కడే నిలబడ్డారు. ఆమెకి ఏమీ కాకూడదని టీచర్లంతా ఒకటే మాట. ఊరిపెద్ద కూడా మెత్తగానే ఉన్నారు. ఇంతమంది ప్రాణాలు కాపాడింది, ఇవాళ్టిదీ పాతదీ రెండూ కాసేద్దాం అన్నారు. "ఒక్కమాట అనేయమ్మా. తప్పయిందని ఒక్కసారి అను. రేపట్నుంచి నీ పడవ నీది."

ఆమె చుట్టూ ఉన్నవాళ్ళు అనేయవే, అనేయి అని సణిగారు. రెండేళ్ళ ఐసు నీళ్ళకి పాడైన చేతుల్ని ఆమె కొంగులో పెట్టుకుంది.

"ఇయ్యాల్టిది తప్పంటే అంటానండి. పాతది అనను. తప్పు చేస్తే కదండీ కాయడానికి."

పాతది అనకుండా కట్టు తీయడం మా పద్ధతిలో లేదని ఊరిపెద్ద అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, విసుగుంది. ఒకాయన కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. మొదటిసారి ఇలాగే లేచారు పెద్దలు. ఇంకో నిమిషంలో అందరూ వెళ్ళిపోతారు. ఆమె మళ్ళీ పడవ బోర్లించుకుంటుంది. నేను బస్సెక్కి, వచ్చే నెల ఇంకో ఊళ్ళో మైకు పట్టుకుంటాను. మొదటిసారి నన్ను ఎవరో అడిగారు. ఈసారి ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి తప్పించుకోవడం ఇంకా తేలిక.

కుర్చీలోంచి లేచాను. చెప్పులు విడిచి, నేల మీద ఆమె పక్కన వెళ్ళి నిలబడ్డాను. మీరెందుకండీ అక్కడ, రండి అని ఊరిపెద్ద పిలిచారు. నా వెనక మా సంఘంవాళ్ళు, టీచర్లు, కార్యదర్శిగారు ఉన్నారు. వాళ్ళకి వినపడేలాగే మొదలుపెట్టాను.

"ఆవిడ నాకు ముందు రోజే చెప్పారండి. అష్టమి నాడు నాటొద్దన్నారు. ఆ మలుపులో మొక్క నిలబడదన్నారు. లోపలి గట్టు చూపించారు. నేను వినలేదు. అమావాస్య మర్నాడు ఇక్కడికొచ్చి చూశాను. నేల మీద ఒక్క అడుగు లేదు. మొక్కల్ని నీళ్ళు తీసుకుపోయాయి. కొట్టుకుపోయేవాటిని ఈవిడ ఏరారు. గుర్తు లేదని మీతో అబద్ధం చెప్పాను. మీ మెట్లు పోయింది నా వల్ల. రెండేళ్ళుగా నేను మైకులో చెబుతున్న పాఠం కూడా ఈవిడదే."

అప్పుడు ఆమె వైపు తిరిగాను. ఇన్నేళ్ళూ ఆమెని నువ్వు అనే పిలిచాను.

"తప్పయిందమ్మా. మీ మాట నాకు గుర్తుండి కూడా గుర్తు లేదన్నాను. మీ పడవ గట్టు మీద పడి ఉండటానికి కారణం నేను. నన్ను క్షమించండి."